సభ సంగతిగా మారిన వైనం: ఇంగ్లీషు ‘థింగ్’ కథ

ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేవాళ్లను పెద్ద పెద్ద శాస్త్ర పదాలు అంతగా ఇబ్బంది పెట్టవు. వాటికి నిఘంటువు ఉంటుంది, లేదంటే ఆ పదాన్నే తెలుగు లిపిలో రాసేయవచ్చు. చిక్కంతా ‘థింగ్’ లాంటి చిన్న మాటలతోనే. ‘ప్యాక్ యువర్ థింగ్స్’ అంటే సామాన్లు సర్దుకో. ‘వన్ మోర్ థింగ్’ అంటే ఇంకో మాట. ‘పూర్ థింగ్’ అంటే పాపం. ‘ది థింగ్ ఈజ్’ అంటే అసలు సంగతేమిటంటే. ‘ఫస్ట్ థింగ్ ఇన్ ద మార్నింగ్’ అంటే పొద్దున లేవగానే. అయిదు చోట్లా అదే మాట. తెలుగులోకి వచ్చేసరికి అయిదు దారులు, చివరిదాంట్లో అయితే ఆ మాటకు బదులుగా ఏ మాటా మిగల్లేదు.

ఇదంతా చూస్తే థింగ్‌కి సొంత అర్థమంటూ లేదనీ, ఏది పోస్తే అది పట్టే ఖాళీ గిన్నె అనీ అనిపిస్తుంది. ఇవాళ్టి మట్టుకు అది నిజమే. కానీ పదమూడు వందల ఏళ్ల కింద ఆ మాటకు గట్టి అర్థం ఉండేది. థింగ్ అంటే సభ. ఒక ప్రాంతంలో బానిసలు కాని మగవాళ్లు ముందే అనుకున్న రోజున, అందరికీ తెలిసిన చోట కూడి తగవులు తీర్చుకునే న్యాయసభ. వస్తువు అనే అర్థం దానికి తర్వాత వచ్చి చేరింది. సభ పేరు చివరికి చెప్పులకీ, దిగులుకీ, ఆలోచనకీ, అన్నింటికీ సరిపోయే మాటగా ఎలా మారిందన్నది ఇంగ్లీషు పదాల చరిత్రలో చాలా ఆసక్తికరమైన ప్రశ్న. జవాబు ఇంగ్లీషు దగ్గరే ఆగదు. తెలుగు దాకా వస్తుంది.

ఒకే వాక్యంలో రెండు మాటలు

ఇంగ్లండుకు ఆగ్నేయాన ఉన్న కెంట్ ప్రాంతం 7వ శతాబ్దంలో ఒక చిన్న రాజ్యం. హ్లోథెరే, ఎడ్రిక్ అనే ఇద్దరు రాజుల పేరిట 680ల నాటి చట్టం ఒకటి మిగిలింది. ఇప్పుడు దొరికేది 12వ శతాబ్దంలో రోచెస్టర్‌లో రాసుకున్న ప్రతి. అందులో ఒక నియమం ఇలా ఉంటుంది: ఒకడు మరొకడి మీద ఫిర్యాదు మోపి, అతణ్ణి ‘మెథెల్’లో గానీ ‘థింగ్’లో గానీ ఎదుర్కొంటే, ఆ మనిషి అతనికి పూచీదారును చూపించాలి, కెంట్ న్యాయాధిపతులు చెప్పిన తీర్పు ప్రకారం నడుచుకోవాలి. ఇంగ్లీషులో రాతకెక్కిన థింగ్‌లలో ఇదే అన్నిటికంటే పాతది. ఇక్కడ దాని అర్థంలో సందేహానికి చోటు లేదు. మెథెల్, థింగ్ రెండూ సభలే.

ఆ వాక్యంలో ఇంకో మాట కూడా ఉంది. ‘ఫిర్యాదు’ అన్నచోట మూలంలో ఉన్నది ‘సాకే’. దావా, తగవు అని దాని అర్థం. ఇవాళ్టి ఇంగ్లీషులో ‘ఫర్ ద సేక్ ఆఫ్’ అన్నప్పుడు వినిపించే ‘సేక్’ ఆ మాటే. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టమైన జర్మన్‌లో దాని తోబుట్టువు ‘జాఖె’ అంటే ఇప్పుడు వస్తువు, విషయం. అంటే ఒక కోర్టు నియమంలో పక్కపక్కన కూర్చున్న రెండు మాటలు, ఒకటి సభ, ఇంకొకటి వ్యాజ్యం, రెండు భాషల్లో వేరువేరుగా నడిచి ఒకే గమ్యానికి చేరాయి. ఒక్క మాటే అలా మారి ఉంటే యాదృచ్ఛికం అనుకోవచ్చు. రెండూ మారాయంటే వెనక ఏదో కారణం ఉండి తీరాలి.

పాత ఇంగ్లీషులో ఈ మాటను ‘థార్న్’ అనే అక్షరంతో రాసేవారు. థార్న్ అంటే ముల్లు. నిలువు గీతకు మధ్యలో చిన్న పొట్ట తగిలించినట్టు ఉంటుంది. అచ్చు యంత్రాలు వచ్చాక ఇంగ్లీషు దాన్ని వదిలేసింది, ఐస్‌లాండ్ వాళ్లు మాత్రం ఇప్పటికీ రాస్తున్నారు. దాని ధ్వనికి తెలుగులో సరిపోయే అక్షరం లేదు. నాలుక కొసను పళ్ల మధ్య పెట్టి ఊదాలి, మన ‘థ’ దానికి కొంచెం దూరమే.

సభ అనే అర్థం కవిత్వంలో ఎంత బలంగా ఉండేదో ‘బేవుల్ఫ్’ కావ్యంలో ఒక చోట కనిపిస్తుంది. ఆ కావ్యం సుమారు 1000వ సంవత్సరం నాటి ఒకే ఒక్క రాతప్రతిలో మిగిలింది. 1731లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ ప్రతి అంచులు కాలిపోయాయి కూడా. గ్రెండెల్ అనే రాక్షసుడు రాజుగారి మందిరంలోకి రాత్రిపూట చొరబడి మనుషుల్ని తింటుంటాడు. వాణ్ణి చంపడానికి సముద్రం దాటి వచ్చిన బేవుల్ఫ్ రాజు ఎదుట నిలబడి, ఆ రాక్షసుడితో తానొక్కడే ‘థింగ్’ నడుపుతానంటాడు. సభ అంటేనే పదిమంది. ఇతనేమో ఒక్కడినే అంటున్నాడు. తగవు తేల్చుకోవడానికి మనుషులు సభకు వెళ్తారు. రాక్షసుడు సభకు రాడు, పూచీదారును చూపించడు, తీర్పుకు లోబడడు. కాబట్టి వాడితో పెట్టుకోవాల్సిన పంచాయితీ ఒట్టి చేతులతో, చీకట్లో, ఇద్దరి మధ్యే జరగాలి. ఆ నాటి శ్రోతకు ఈ మాట చెవిన పడగానే ఒళ్లు గగుర్పొడిచి ఉంటుంది. ఇవాళ్టి ఇంగ్లీషు పాఠకుడికి అదే మాట కనిపించినా అందులోని సభ వినిపించదు.

గోడ పక్కన రాతి పీఠం

ఇంగ్లీషు పుట్టకముందే ఈ మాట ఉంది. జర్మన్ జాతుల గురించి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ సా.శ. 98లో రాసినప్పుడు వాళ్ల సభలను దగ్గర్నుంచి చూసినట్టే వర్ణించాడు. అమావాస్యకో పౌర్ణమికో కూడతారు. ఆయుధాలతోనే వచ్చి కూర్చుంటారు. చెప్పింది నచ్చకపోతే గొణుగుతారు, నచ్చితే ఈటెలు ఆడిస్తారు. పిలిచిన రోజుకే అందరూ రారనీ, అందరూ చేరేసరికి రెండు మూడు రోజులు వృథా అవుతాయనీ కూడా రాశాడు. ఒకరి ఆజ్ఞకు లోబడి వచ్చే అలవాటు లేని స్వేచ్ఛాజీవులు కాబట్టే ఈ ఆలస్యం అన్నది ఆయన అభిప్రాయం.

1883లో ఉత్తర ఇంగ్లండులో, రోమన్లు సరిహద్దుగా కట్టిన హేడ్రియన్ గోడ మీది హౌస్‌స్టెడ్స్ కోట దగ్గర రాతి పీఠాలు కొన్ని బయటపడ్డాయి. 3వ శతాబ్దంలో రోమన్ సైన్యంలో పనిచేసిన జర్మన్ జాతి సైనికులు నిలబెట్టినవి అవి. ఇప్పటి నెదర్లాండ్స్‌లోని ట్వెంటె ప్రాంతం వాళ్లమని అందులో చెప్పుకున్నారు. మొక్కింది ‘మార్స్ థింక్సస్’ అనే దేవుడికి. మార్స్ రోమన్ల యుద్ధదేవత. థింక్సస్ అన్నది వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న మాట, థింగ్‌కు అధిదేవత అని. ఊరు వదిలి వందల మైళ్ల దూరంలో, చలిగాలి కొట్టే ఆ గోడ మీద కాపలా కాస్తూ, వాళ్లు తలచుకున్నది తమ సభను కాచే దేవుణ్ణి. జర్మన్‌లో మంగళవారాన్ని ‘దీన్‌స్టాగ్’ అనడం, డచ్‌లో ‘దిన్స్‌దాగ్’ అనడం ఈ థింగ్ దేవుడి పేరు మీదనే అని పండితుల మాట. మనకు మంగళవారం కుజుడిది, రోమన్లకు మార్స్‌ది. అదే గ్రహం, అదే రోజు.

మరి ఆ మాటకు మొదటి అర్థం సభేనా? ఇంకా వెనక్కి వెళ్తే ‘సమయం’, ‘కుదుర్చుకున్న గడువు’ అనే అర్థం కనిపిస్తుందని భాషా చరిత్రకారుల్లో చాలామంది అంటారు. జర్మన్ కుటుంబానికే చెందిన, ఇప్పుడు అంతరించిన గోథిక్ భాషలో దానికి దగ్గరి మాట ఒకటి కాలాన్నే తెలుపుతుంది. అలా చూస్తే ముందు ముహూర్తం, ఆ ముహూర్తానికి కూడిన సభ, సభలో తేలే తగవు, తగవులోంచి విషయం, విషయంలోంచి వస్తువు.

రచ్చబండ మీద కంఠస్థమైన చట్టం

థింగ్ అనే వ్యవస్థ ఎలా నడిచేదో బాగా తెలిసేది ఐస్‌లాండ్ నుంచి. నార్వే నుంచి వలస వచ్చినవాళ్లు ఆ ద్వీపంలో 930లో దేశం మొత్తానికీ ఒక సభ పెట్టుకున్నారు. దాని పేరు ఆల్‌థింగ్, అందరి సభ. చోటు పేరు థింగ్‌వెల్లిర్, సభ మైదానం. వాళ్లకు రాజు లేడు, సైన్యం లేదు, రాజధాని లేదు. ఉన్నదల్లా ఏడాదికి ఒకసారి వేసవిలో రెండు వారాల పాటు జరిగే ఈ కూడిక.

ఆ చోటు భూగోళం మీదే విచిత్రమైనది. ఉత్తర అమెరికా, యురేషియా భూఫలకాలు ఒకదాన్నుంచి ఒకటి జరిగిపోతున్న లోయ అది. ఒక పక్క నిటారుగా నల్లటి లావా గోడ, దాని కింద నది, ముందు విశాలమైన పచ్చిక. గోడ దగ్గర ఒక ఎత్తైన చోటును ‘చట్టపు బండ’ అనేవారు. తెలుగు పాఠకుడికి వెంటనే రచ్చబండ గుర్తుకు రావడం సహజం. పోలిక పైపైది కూడా కాదు, ఊరి తగవు ఊరందరి కళ్ల ముందు తేలే చోటు రెండూ. మనుషులు గుర్రాల మీద రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చేవారు. రాళ్లతో, గడ్డిమట్టి పెళ్లలతో కట్టిన గోడలపై గుడ్డ కప్పి గుడారాలు వేసుకునేవారు. వ్యాపారం జరిగేది, పెళ్లి సంబంధాలు కుదిరేవి, పాత పగలు కొత్తగా రాజుకునేవి.

మొదట్లో వాళ్లకు రాతలో చట్టం లేదు. ‘చట్టం చెప్పేవాడు’ అనే పదవి ఒకటి ఉండేది. దేశపు చట్టమంతా అతనికి నోటికి రావాలి. ఏటా మూడో వంతు చొప్పున మూడేళ్లలో మొత్తం చట్టాన్ని సభలో పైకి చెప్పాలి. తప్పు చెబితే వింటున్నవాళ్లలో తెలిసినవాళ్లు పట్టుకుంటారు. వేదపాఠంలో స్వరం తప్పితే పక్కవాడు అందుకున్నట్టే. 1117-18 చలికాలంలో చట్టాన్ని రాయడం మొదలుపెట్టేదాకా అది మనిషి గొంతులోనే బతికింది.

1000వ సంవత్సరం ప్రాంతంలో ఆ సభ ముందుకు వచ్చిన తగవు మామూలుది కాదు. కొందరు క్రైస్తవం తీసుకున్నారు, మిగతావాళ్లు పాత దేవుళ్లనే కొలుస్తున్నారు. ఒకరి చట్టం ఒకరికి చెల్లదని రెండు వర్గాలూ ప్రకటించుకున్నాయి, కత్తులు దూసుకునేదాకా వచ్చింది. తీర్పును చట్టం చెప్పేవాడైన థోర్గెయిర్‌కి వదిలేశారు. ఆయన పాత మతంవాడు. ఆ పగలూ రాత్రీ ఎవరితోనూ మాట్లాడకుండా దుప్పటి కప్పుకుని పడుకుని, మర్నాడు లేచి బండ దగ్గరికి వచ్చాడు. చట్టాన్ని చీల్చితే శాంతి చీలుతుందని చెప్పి, అందరూ క్రైస్తవం తీసుకోవాలని తీర్పు ఇచ్చాడు. చాటుగా పాత దేవుళ్లకు బలి ఇచ్చుకోవడానికీ, గుర్రం మాంసం తినడానికీ మినహాయింపు ఉంచాడు. తన మతానికి ఎదురుగా తానే తీర్పు చెప్పిన ఆ మనిషి గురించి ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యం తగ్గదు.

ఈ సభను స్వర్గంలా చూపించడం సరికాదు. బానిసలకు అక్కడ నోరు లేదు. ఆడవాళ్లకు తీర్పులో పాలు లేదు. తర్వాతి శతాబ్దాల్లో అక్కడి నది మడుగులోనే ఆడవాళ్లను శిక్ష పేరుతో ముంచి చంపారు కూడా. ఆ మడుగు ఇప్పటికీ ఉంది, పేరు కూడా ముంచే మడుగు అనే. ఆల్‌థింగ్ 1798 దాకా ఆ మైదానంలో కూడింది, 1800లో రద్దయింది, 1840లలో రెయిక్యవీక్‌లో మళ్లీ మొదలైంది. 1944 జూన్ 17న ఐస్‌లాండ్ రిపబ్లిక్‌గా ప్రకటించుకోవడానికి జనం వెళ్లింది మళ్లీ ఆ మైదానానికే. ఇవాళ్టికీ వాళ్ల పార్లమెంటు పేరు ఆల్‌థింగ్. నార్వే పార్లమెంటు స్టోర్టింగ్, పెద్ద సభ. డెన్మార్క్‌ది ఫోల్కెటింగ్, ప్రజల సభ. ఆ దేశాల్లో అదే మాటకు వస్తువు అనే అర్థం కూడా ఉంది. రెండు అర్థాలూ తగువు పడకుండా ఒకే ఇంట్లో ఉంటున్నాయి.

సభ నుంచి సంగతికి

ఇప్పుడు అసలు ప్రశ్న. కూడిక పేరు విషయానికి ఎలా వచ్చింది?

‘రేపు ఏముంది?’ అని అడిగితే ‘కోర్టుంది’ అంటాం. ఆ కోర్టు భవనం కాదు, అక్కడ నడిచే మన కేసు. ‘పంచాయితీ’ కూడా అంతే. అయిదుగురు పెద్దలు కూర్చునే వ్యవస్థ పేరు అది. ఇవాళ ‘వాళ్లింట్లో ఏదో పంచాయితీ నడుస్తోంది’ అంటే తగవు అని అర్థం. పెద్దలూ లేరు, కూర్చోవడమూ లేదు. సభ పేరు సభలోని తగవుకు అతుక్కోవడం ఎంత సులువో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. థింగ్ విషయంలో జరిగింది అదే. ‘నా థింగ్ ఎప్పుడొస్తుంది’ అంటే నా వ్యాజ్యం ఎప్పుడు విచారణకు వస్తుందని. తర్వాత కోర్టుతో పనిలేకుండా పట్టించుకోవాల్సిన ఏ వ్యవహారమైనా థింగే. ఆ తర్వాత, వ్యవహారంలో ఉన్న ఆవు, పొలం, కత్తి, ఉంగరం కూడా థింగే. 10వ శతాబ్దం నాటి రాతల్లో ఈ అర్థాలన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. ‘థింగియన్’ అనే క్రియ కూడా ఉండేది. ఒకరి తరఫున మాట్లాడటం, రాజీ చేయడం అని దాని అర్థం. అలా మాట్లాడేవాడు ‘థింగెరె’, మన వకీలు. ఆ రెండు మాటలూ తర్వాత చచ్చిపోయాయి.

లాటిన్‌లో ‘కౌసా’ అంటే కారణం, వ్యాజ్యం. దాన్నుంచి ఫ్రెంచిలో ‘షోజ్’, ఇటాలియన్‌లోనూ స్పానిష్‌లోనూ ‘కోసా’ వచ్చాయి. మూడింటికీ అర్థం వస్తువు, విషయం. లాటిన్‌లోనే ‘రెస్’ అంటే విషయం, ఆస్తి, కోర్టులో నడిచే వివాదం. దాని రూపం నుంచి వచ్చిన ఫ్రెంచి ‘ర్యాఁ’కి ఇవాళ అర్థం ‘ఏమీ లేదు’. జర్మన్‌లో ‘ఫెర్‌టైడిగెన్’ అంటే రక్షించడం, ఒకరి పక్షాన నిలబడటం. పైకి కనిపించదు గానీ ఆ మాట లోపల ‘రోజు’, ‘థింగ్’ రెండూ ఉన్నాయి. వాయిదా రోజున సభలో నిలబడి వాదించడం అన్నమాట. ఇన్ని భాషల్లో న్యాయసభ మాటలే ‘విషయం’గా మారాయంటే కారణం ఊహించడం కష్టం కాదు. మనుషులు ఒక విషయాన్ని పేరు పెట్టి, హద్దులు గీసి, ఇది దేని గురించి అని తేల్చుకుని మాట్లాడాల్సి వచ్చే చోటు న్యాయసభే. ఇంట్లో మాటలకు ఆ అవసరం రాదు.

తెలుగులో చూడండి. ‘సంగతి’ సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం కలిసి వెళ్లడం, కూడిక, కలయిక. సజ్జన సాంగత్యం అన్నప్పుడు ఆ పాత అర్థం ఇంకా వినిపిస్తుంది. తెలుగులోకి వచ్చి అది విషయం అయింది, కబురు అయింది. ‘ఏంటి సంగతులు?’ అని పలకరించేటప్పుడు ఎవరికీ కూడిక గుర్తు రాదు. ‘నీ సంగతి చూస్తా’ అన్నప్పుడైతే అసలే రాదు. త్యాగరాజ కృతి పాడేవాళ్లు ఒక పంక్తిని రకరకాలుగా పెంచుతూ పాడే సంగతులు ఇంకో దారి. ‘థింగ్’కి తెలుగులో అన్నిటికంటే దగ్గరి మాట సంగతే అనడం ఇందుకే. అర్థం ఒక్కటే కాదు, రెండూ కూడిక నుంచే బయల్దేరాయి. ఒకటి ఉత్తర సముద్రపు తీరాల నుంచి, ఇంకొకటి సంస్కృతం నుంచి. ఒకదానికొకటి ఏ చుట్టరికమూ లేదు.

‘సంఘటన’ కూడా అలాంటిదే. కలపడం, ఒకటిగా కూర్చడం అని మూలార్థం. పక్కనే ఉన్న మరాఠీలో సంఘటన అంటే సంస్థ. తెలుగులో జరిగిన విషయం. అయినా ‘ఐక్య సంఘటన’ అన్నప్పుడు మన రాజకీయ భాషలో పాత అర్థం చెక్కుచెదరకుండా నిలబడింది. ఇక ‘వ్యవహారం’ ధర్మశాస్త్రాల్లో కోర్టు వివాదం పేరు. యాజ్ఞవల్క్య స్మృతి ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు భాగాలు. 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయంలోనూ వ్యవహార కాండ ఉంది, అందులో ఉండేది అప్పులు, సాక్ష్యాలు, వాటాలు. ఇవాళ ‘ఆయన వ్యవహారం నాకు నచ్చలేదు’ అంటే నడవడి. ‘సేక్’ నడిచిన దారికీ దీని దారికీ తేడా చాలా తక్కువ.

రచ్చ మాత్రం వేరే వైపు వెళ్లింది. వీధి అనే అర్థం ఉన్న ‘రథ్య’ నుంచి వచ్చిన ఈ మాట ఊరంతా కూడే చోటైంది. ‘ఇంట గెలిచి రచ్చ గెలవాలి’ అనే సామెతలో ఆ గౌరవం ఉంది. ‘రచ్చకెక్కడం’ దగ్గర కొంచెం వంగింది. ఇప్పుడు ‘రచ్చ చేశారు’ అంటే గోల. సభ పేరు ఒక భాషలో వస్తువై నెమ్మదిస్తే, ఇంకో భాషలో అల్లరై కూర్చుంది.

ఇంగ్లీషు సభను ఎందుకు మరిచింది

ఉత్తర దేశాలన్నీ సభ అర్థాన్ని నిలుపుకుంటే ఇంగ్లీషు ఎందుకు పోగొట్టుకుంది? ఇంగ్లండులో సభకు ఇంకో మాట గట్టిగా ఉండేది, ‘గెమోట్’. జిల్లా సభ గెమోటే, రాజు సలహాసభ గెమోటే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో లా చదివే పిల్లలు ‘మూట్ కోర్ట్’ పోటీలకు వెళ్తుంటారు కదా, ఆ మూట్ అదే. థింగ్ దాని పక్కన రెండో మాటగానే ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక న్యాయస్థానం భాష ఫ్రెంచి అయింది. కోర్ట్, కౌన్సిల్, పార్లమెంట్ అన్నీ అటు నుంచి వచ్చినవే. సభకు కొత్త పేర్లు దొరికాక థింగ్‌కు మిగిలింది విషయం, వస్తువు.

కానీ ఒకేసారి పోలేదు. 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి చాసర్ ఒక పెద్ద వకీలును వర్ణిస్తూ, అతను ‘థింగ్’ రాయడంలో దిట్ట అనీ, అతని రాతలో ఎవరూ తప్పు పట్టలేరనీ అంటాడు. అక్కడ థింగ్ అంటే దస్తావేజు. చదివేవాళ్లు ‘ఏదో వస్తువు తయారు చేశాడట’ అనుకుని దాటిపోతే ఆ పంక్తిలోని మెచ్చుకోలు అందదు.

సభ అర్థం ఇంకో మాట లోపల దాక్కుని ఇప్పటికీ బతికి ఉంది. నార్వే, డెన్మార్క్ లాంటి ఉత్తర దేశాల వాళ్లు రాజుగారి ఇంటి సభను ‘హూస్‌థింగ్’ అనేవారు, ఇంటి థింగ్ అని. లండన్‌లో అది నగర న్యాయస్థానం పేరైంది. తర్వాత ఆ న్యాయాధిపతులు కూర్చునే వేదిక పేరైంది. ఆ తర్వాత ఎన్నికల్లో అభ్యర్థులు నిలబడి మాట్లాడే వేదిక పేరైంది. 1872లో రహస్య ఓటు చట్టం వచ్చాక ఆ వేదికలతో పని లేకుండా పోయినా మాట మిగిలింది. ఎన్నికలు రాగానే మన ఇంగ్లీషు పత్రికల్లో కనిపించే ‘హస్టింగ్స్’ అదే. ఊళ్ల పేర్లలో కూడా మిగిలింది. స్కాట్లండ్‌లో డింగ్‌వాల్, షెట్లండ్‌లో టింగ్‌వాల్, లివర్‌పూల్ దగ్గర థింగ్‌వాల్, అన్నీ థింగ్‌వెల్లిర్‌కి చెల్లెళ్లే.

విషయం అన్న అర్థం ఒక్కటే మిగిలాక ఆ మాట ఎంత దూరమైనా పోగలిగింది. సమ్‌థింగ్, ఎనీథింగ్, ఎవ్రీథింగ్, నథింగ్ అన్నీ దాని భుజం మీద ఎక్కాయి. మనుషులకూ అంటుకుంది. జాలిగా అంటే ‘పూర్ థింగ్’, ముద్దుగా అంటే చిన్నపిల్ల, కోపంగా అంటే తిట్టు. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో రాజు ఒక థింగ్ అంటాడు హామ్లెట్. థింగా ప్రభూ, అని ఎదుటివాడు ఉలిక్కిపడితే, ఏమీ లేని థింగ్ అని ముగిస్తాడు. రాజును మనిషి స్థాయి నుంచి వస్తువు దాకా, వస్తువు నుంచి శూన్యం దాకా దించడానికి ఒక్క మాట సరిపోయింది.

మనిషికి పేరు తట్టనప్పుడు ఇంగ్లీషువాడు ‘థింగమీ’ అంటాడు, మనం ‘అదేదో’ అంటాం. 1999లో యంత్రాలు యంత్రాలతో మాట్లాడుకునే ఏర్పాటుకు ‘ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్’ అని పేరు పెట్టినప్పుడు థింగ్ పూర్తిగా ప్రాణం లేని సరుకు. అంతకుముందే, 1950లో జర్మన్ తాత్వికుడు హైడెగర్ వస్తువు అంటే ఏమిటి అనే ప్రసంగంలో ఈ పాత సభ అర్థాన్ని బయటికి తీసి, వస్తువంటే కూడగట్టేది అని వాదించాడు. పదం పుట్టుక నుంచి తత్వం తీయడం ప్రమాదమే. పాత అర్థమే అసలు అర్థం అనుకుంటే ‘సంగతేంటి’ అని అడిగిన ప్రతివాడూ కూడిక గురించి అడిగినట్టు అవుతుంది. అయినా ఆయన చూపించిన చోటు నిజమైనదే.

ఈ మధ్య ఇంగ్లీషు కుర్రకారు వాడుకలో ఇంకో మలుపు వచ్చింది. ‘ఈజ్ దట్ ఎ థింగ్?’ అని అడుగుతారు. అలాంటిది ఒకటి నిజంగా ఉందా, నలుగురూ చేస్తున్నారా, పేరు పెట్టుకునేంత అయిందా అని. ఒక్కడు చేస్తే అది థింగ్ కాదు, పదిమంది గుర్తించాలి. పాత సభతో దీనికి చారిత్రక సంబంధం ఏమీ లేదు. కానీ ఆ మాటలోకి జనం మళ్లీ వచ్చి కూర్చున్నారు.

ఇంగ్లీషు మాట్లాడే నేల మీదే పాత అర్థంలో థింగ్ నడుస్తున్న చోటు ఒకటుంది. ఇంగ్లండుకూ ఐర్లండ్‌కూ మధ్య సముద్రంలో ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న ద్వీపం. దాని పార్లమెంటు పేరు టిన్‌వాల్డ్, అంటే థింగ్‌వెల్లిరే. ఏటా జులై 5న, అది శని ఆదివారాల్లో పడితే సోమవారం, సెయింట్ జాన్స్ అనే ఊళ్లో నాలుగు మెట్లుగా పేర్చిన గడ్డి దిబ్బ మీద సభ ఆరుబయట కూడుతుంది. ఆ దిబ్బలో ద్వీపంలోని పదిహేడు ఊరవాడల మట్టీ కలిసి ఉందని అక్కడివాళ్ల నమ్మకం. దారిపొడవునా తుంగ పరుస్తారు. ఆ ఏడాది చేసిన చట్టాల సారం రెండు భాషల్లో, ద్వీపం సొంత భాషలోనూ ఇంగ్లీషులోనూ, జనం ముందు చదువుతారు. చేసిన చట్టాన్ని పద్దెనిమిది నెలల్లోగా ఇలా చదివి వినిపించకపోతే అది చెల్లదు. చదవడం అయ్యాక, గోడు ఉన్నవాళ్లు ఎవరైనా సరే, అర్జీ చేత్తో పట్టుకుని ఆ దిబ్బ మొదట్లోకి నడిచి వచ్చి ఇవ్వవచ్చు.